ఆకలి ఎరిగిన పండితురాలు: రమాబాయి జీవితం

రాయచూరు, గుల్బర్గా, సోలాపురం మీదుగా పూనాకు వెళ్ళే రైలుదారిలో దౌండ్ దాటిన తరువాత కేడ్‌గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. బ్రతుకుతెరువు కోసం బొంబాయి, పూనాలకు వెళ్ళివచ్చే సరిహద్దు గ్రామాల వారికి ఈ దారి పరిచితమే. కానీ ఆ స్టేషనుకు సమీపంలో ఒకప్పుడు దాదాపు రెండు వేల మంది అనాథ బాలికలు, వితంతువులు ఒకే ఆవరణలో అన్నం తిని, అక్షరాలు దిద్ది, మగ్గం నేసి, అచ్చు కూర్చి బ్రతికారన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆ ఆశ్రయాన్ని నిర్మించిన పండిత రమాబాయి జీవితానికి తిరుపతి కొండతోను, రాయచూరు శ్మశానంతోను ఉన్న సంబంధం తెలిసినవారు మరీ తక్కువ.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అనే అటవీ ప్రదేశంలో జన్మించారు. అది ఇప్పటి కర్ణాటకలో ఉంది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృతంలో గట్టి పండితుడు. చదువుకునే రోజులలో పూనా పేష్వాల అంతఃపురంలో ఒక రాణి తన గురువు వద్ద సంస్కృతం నేర్చుకోవడం ఆయన కళ్ళారా చూశాడు. తన భార్యకు కూడా చదువు చెప్పాలన్న కోరిక అప్పుడే కలిగింది. మొదటి భార్య విషయంలో అది నెరవేరలేదు. ఆమె గతించిన తరువాత, నడివయసులో, గోదావరి తీరాన కలిసిన ఒక యాత్రికుని కుమార్తెను వివాహమాడాడు. వధువు లక్ష్మీబాయికి అప్పటికి తొమ్మిదేళ్ళు. నేటి దృష్టికి ఆ వివాహం సమర్థనీయం కాదు. అయితే ఆ బాలికకే ఆయన సంస్కృతం బోధించాడు. ఆడదానికి దేవభాష నేర్పుతున్నాడని స్వజనులు ఆగ్రహించగా ఉడుపిలో పండితుల సభ ఎదుట నిలిచి, శాస్త్రాల నుండే ప్రమాణాలు చూపి తన పక్షాన్ని నిలబెట్టుకున్నాడు. ఊరి మాటలు పడలేక భార్యతో అడవిలో ఇల్లు కట్టుకున్నాడు.

ఆ ఇల్లు యాత్రికులకు సత్రమై, విద్యార్థులకు గురుకులమై, ఆస్తి నంతటినీ హరించింది. రమాబాయి ఆరు నెలల పసికందుగా ఉన్నప్పుడు కుటుంబం ఇల్లు విడిచి తీర్థయాత్రలకు బయలుదేరింది. వెదురుబుట్టలో బిడ్డను పెట్టుకుని ఒక కూలివాడు తలపై మోశాడు. అప్పటి నుండి పదహారేళ్ళ పాటు ఆమెకు స్థిరమైన ఇల్లన్నది లేదు. దేవాలయ మంటపాలలో తల్లిదండ్రులు పురాణం చదువుతారు, విన్నవారు బియ్యమో, పప్పో, పైకమో సమర్పిస్తారు, అదే జీవనం. చూపు మందగించి వృద్ధుడైన తండ్రికి బదులు తల్లే కుమార్తెకు చదువు చెప్పింది. తెల్లవారక ముందే బాలికను నిద్రలేపి, ఇంటిపని మొదలుకాక మునుపే పాఠం వల్లె వేయించేది. భాగవత శ్లోకాలు వేల సంఖ్యలో ఆమెకు కంఠస్థమయ్యాయి.

పుణ్యస్థలాలు తిరిగే కుటుంబానికి కరవు వచ్చినప్పుడు దిక్కెవరు? మద్రాసు రాజధానిలో క్షామం ప్రవేశించే నాటికి వారి వద్ద మిగిలిన కొద్దిపాటి నగలు, వెండిపాత్రలు, చివరకు మంచి బట్టలు కూడా ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. కూలిపని చేయడం వారికి చిన్నప్పటి నుండి నిషిద్ధం. యాచించడానికి అభిమానం అడ్డు. అప్పటికి వారు తిరుపతి కొండ మీద బస చేసి ఉన్నారు. చివరి గింజ కూడా నిండుకున్న రోజున, తమవారి మధ్య దరిద్రులుగా అవమానపడటం కన్నా అడవిలో ప్రాణాలు విడవడమే మేలని అందరూ కలిసి నిశ్చయించుకొని రాత్రివేళ ఇల్లు విడిచి అరణ్యంలో ప్రవేశించారు. పదకొండు రోజులు నీళ్ళు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లు వారి ఆహారం. తండ్రి పుణ్యతీర్థంలో జలసమాధి పొందుతానన్నాడు. అప్పుడు అన్న శ్రీనివాసశాస్త్రి కులాభిమానాన్ని పక్కకు నెట్టి, ఏ కూలి దొరికినా చేసి అందరినీ పోషిస్తానని మాట ఇచ్చి తండ్రిని వారించాడు. కుటుంబం అడవి వెలుపలికి వచ్చింది. కానీ ఆలస్యమైంది. 1874లో తండ్రి కన్నుమూశాడు.

మిగిలినవారు నడుచుకుంటూ రాయచూరు చేరారు. అప్పటికి అది నిజాం రాజ్యంలోని పట్టణం. అక్కడ తల్లి జ్వరంతో మంచం పట్టింది. ఇంట్లో తినడానికి ఏమీ లేదు. తల్లికి ఒక్క ముక్క రొట్టె పెట్టాలని పదహారేళ్ళ రమాబాయి పొరుగింటి గడప వద్దకు వెళ్ళి, అడగడానికి నోరు పెగలక కన్నీళ్ళతో నిలబడిపోయింది. ఆ ఇల్లాలు కనికరించి సజ్జరొట్టె ముక్క ఇచ్చింది. కొద్ది రోజులకే తల్లి మరణించింది. శవాన్ని మోయడానికి నలుగురు కావాలి. ఊరివారు ముందుకు రాలేదు. ఎట్టకేలకు ఇద్దరు బ్రాహ్మణులు ఒప్పుకోగా అన్న మూడోవాడయ్యాడు. నాలుగో కొమ్ము కూతురే పట్టింది. ఆమె పొట్టిది కావడం వల్ల భుజాలు అందక పాడెను తలమీద ఆనించుకొని దూరంగా ఉన్న శ్మశానం దాకా నడిచింది. ఆ తరువాత అక్క కృష్ణాబాయి కలరాతో పోయింది.

రమాబాయి తదనంతర జీవితంలో చేసిన పనులలో చాలావాటికి కారణం వెదకవలసింది ఆమె చదివిన గ్రంథాలలో కాదు, ఈ రెండు మూడు సంవత్సరాలలోనే.

అన్నాచెల్లెళ్ళు ఉత్తరదేశమంతా కాలినడకన తిరిగారు. పంజాబులో జీలం నది ఒడ్డున చలికి తట్టుకోలేక ఇసుకలో గుంటలు తవ్వుకొని, మెడ దాకా ఇసుక కప్పుకొని రాత్రులు గడిపారు. చివరకు 1878లో కలకత్తా చేరారు. ఇరవై ఏళ్ళ యువతి అనర్గళంగా సంస్కృతంలో ప్రసంగిస్తుంటే వంగ పండితులు విస్తుపోయి పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చి గౌరవించారు. ఊరూరా ఆకలితో తిరిగిన పిల్ల ఒక్కసారిగా దేశమంతటా పేరు పొందింది. ఆ వైభవం కూడా నిలవలేదు. 1880లో అన్న ఢాకాలో మరణించాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే న్యాయవాదిని, బ్రాహ్మణేతరుని, రిజిస్టరు పద్ధతిలో వివాహమాడారు. 1881లో మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్తను కలరా తీసుకుపోయింది. చంకలో బిడ్డతో ఆమె వితంతువయ్యారు.

పూనాకు తిరిగివచ్చి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. అదే ఏడు విద్యావిషయాలను విచారించిన హంటర్ సంఘం ఎదుట సాక్ష్యమిస్తూ స్త్రీలకు స్త్రీ వైద్యులు, స్త్రీ ఉపాధ్యాయులు అవసరమని వాదించారు. తానే వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్ళారు. చెవుడు ముదురుతుండటం వల్ల ఆ ఆశ ఫలించలేదు. వాంటేజ్ పట్టణంలోని సన్యాసినుల ఆశ్రమంలో ఉంటున్న కాలంలో, లండను నగరంలోని ఫుల్‌హామ్ వద్ద వారు నడిపే గృహాన్ని చూశారు. లోకం పతితలని వెలివేసిన స్త్రీలను ఆ సన్యాసినులు చేరదీసి, ప్రేమతో సేవిస్తున్నారు. పాపం చేసిన స్త్రీకి శిక్ష తప్ప మరొకటి ధర్మగ్రంథాలలో తనకు కనిపించలేదని భావించిన రమాబాయిని ఆ దృశ్యం కదిలించింది. 1883 సెప్టెంబరు 29న తాను, రెండేళ్ళ కుమార్తె బాప్తిస్మం పొందారు.

మహారాష్ట్రలో ఇది పెద్ద దుమారమే రేపింది. అయితే మతం మారినా ఆమె ఎవరి చెప్పుచేతలలోను ఉండలేదు. శాకాహారం మానలేదు, చీర విడవలేదు. సిద్ధాంత విషయాలలో ఆంగ్లికన్ గురువులతో కూడా నిర్భయంగా వాదించారు. మతం మార్చుకున్నందుకు స్వదేశీయులు, విధేయురాలు కానందుకు విదేశీయులు ఆమెపై అసంతృప్తి చెందారు. రెండు పక్షాల వారికీ మింగుడుపడని మనిషిగానే ఆమె కడదాకా జీవించారు.

1886లో డాక్టర్ ఆనందీబాయి జోషి పట్టప్రదానోత్సవానికి అమెరికా వెళ్ళిన రమాబాయి అక్కడ రెండేళ్ళకు పైగా ఉండి ఊరూరా ఉపన్యసించారు. ఉన్నత కులాల హిందూ స్త్రీ స్థితిగతులపై 1887లో ఆమె ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం బాగా అమ్ముడుపోయింది. ఆమె ఆశయానికి పదేళ్ళ పాటు సాయం చేయడానికి బోస్టను నగరంలో ఒక సంఘం ఏర్పడింది. ఆట పాటలతో పసిపిల్లలకు చదువు చెప్పే కిండర్‌గార్టెన్ పద్ధతిని కూడా ఆమె అక్కడే అభ్యసించారు.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ ప్రారంభమయింది. మొదటి రోజున ఇద్దరే విద్యార్థినులు. వారిలో ఒకరైన బాలవితంతువు గోదూబాయి తరువాతి కాలంలో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకున్నారు. ఆ కర్వేయే మహిళా విశ్వవిద్యాలయ స్థాపకుడు. మరుసటి ఏడాది సదనం పూనాకు తరలింది. ఏ మతాన్నీ బోధించబోమన్న ఒప్పందం మీద హిందూ కుటుంబాలు పిల్లలను పంపించాయి. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘంలో చేరారు. కానీ రమాబాయి తన గదిలో తలుపు తెరిచి ప్రార్థన చేసుకునేవారు. ఇష్టమైన పిల్లలు వచ్చి కూర్చునేవారు. 1893లో ఇది వివాదమై, తిలక్ గారి కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. సలహాసంఘం రాజీనామా చేసింది. ఇరవై అయిదు మంది బాలికలను తల్లిదండ్రులు తీసుకుపోయారు. ఇందులో న్యాయం ఒక్క వైపే ఉన్నదనడం సరికాదు. నమ్మకంతో పిల్లలను అప్పగించిన తల్లిదండ్రుల ఆందోళన సహజమైనది. తన ఇంట తన దేవుని ప్రార్థించే స్వేచ్ఛ తనకుండాలన్న ఆమె పట్టుదలా సహజమైనదే. అయితే సదనం నుండి వెళ్ళిపోయిన ఆ బాలవితంతువులకు మళ్ళీ చదువు చెప్పే చోట్లు ఆనాడు ఎన్ని ఉన్నాయో ఆలోచించినవారు తక్కువ.

అమెరికా సాయం పదేళ్ళకే పరిమితం గనుక, ఆదాయం కోసం పూనాకు సుమారు 34 మైళ్ళ దూరంలోని కేడ్‌గావ్‌లో ఆమె బీడుభూమి కొని పండ్లతోట వేయించారు. ఆ తోటకు దైవం వేరొక పని నిర్ణయించినట్లున్నది.

1896 చివరలో మధ్య పరగణాలలో క్షామం విజృంభించింది. ఆ వార్తలు చదివిన రమాబాయికి తిరుపతి అడవి, రాయచూరు శ్మశానం కళ్ళ ముందు నిలిచాయి. చేతిలో పైకం లేదు. అయినా బయలుదేరారు. సహాయ శిబిరాలలో, బీదల ఆశ్రమాలలో ఆమె చూసినది ఆకలి ఒక్కటే కాదు. దిక్కులేని ఆడపిల్లలను అన్నం ఆశ చూపి తీసుకుపోయే దుర్మార్గులు ఆ శిబిరాల చుట్టూ తిరుగుతున్నారు. పదహారేళ్ళ వయసులో తన గతి కూడా అలాగే కావలసింది, అన్న తోడు ఉండబట్టి తప్పింది అని ఆమెకు తెలుసు. ఎముకల గూళ్ళ వంటి పిల్లలను, వితంతువులను గుంపులు గుంపులుగా రైలెక్కించి తెచ్చారు. సుమారు 300 మంది ఆమె వద్దనే ఉండిపోయారు.

పూనాలో అప్పుడే ప్లేగు వచ్చింది. ఇందరిని నగరంలో ఉంచడానికి అధికారులు అనుమతించలేదు. కేడ్‌గావ్ తోటలో గుడారాలు, తడికల పాకలు వేసి పిల్లలను అక్కడికి చేర్చారు. ఆ ప్లేగు రోజులలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో తన వద్ద పెరిగిన ఒక బాలికకు జరిగిన అన్యాయాన్ని గురించి రమాబాయి పత్రికకు బహిరంగంగా వ్రాశారు. ఆ సంగతి ఇంగ్లండు పార్లమెంటులో ప్రశ్న దాకా వెళ్ళింది. గవర్నరు ఖండించినా ఆమె వెనుకంజ వేయలేదు. క్రైస్తవురాలు గనుక దొరలను సమర్థిస్తుందని అనుకున్నవారికి ఇది జవాబు.

1898లో ఆ తోటలో స్థిరమైన కట్టడాలకు పునాది పడింది. ఆ చోటికి ముక్తి అని పేరు పెట్టారు. 1900లో గుజరాతు క్షామం వచ్చినప్పుడు మరల కార్యకర్తలు బయలుదేరారు. ఈసారి వెళ్ళినవారిలో మూడేళ్ళ కిందట తామే అస్థిపంజరాలుగా వచ్చిన బాలికలు కూడా ఉన్నారు. వేయికి పైగా కొత్తవారు చేరి, ఆశ్రయంలోని వారి సంఖ్య రెండు వేలకు చేరువైంది. తెచ్చినవారందరూ బ్రతకలేదు. కొందరు మరీ క్షీణించి వచ్చి, అన్నం పెట్టినా అరిగించుకోలేక రోజుల వ్యవధిలోనే పోయారు.

రెండు వేల మందికి రోజూ వండి పెట్టడం ఎలాగన్నది పెద్ద సంసారాలు నడిపిన వారికే అర్థమయ్యే విషయం. వర్షాభావపు నేల గనుక ముందు బావులు తవ్వించారు. ధాన్యం, కూరలు, పాలు వీలైనంత తమ భూమి నుండే రావాలన్నది ఆమె నియమం. పెద్దపిల్ల ఒక్కొక్కతెకు చిన్నపిల్లను అప్పగించేవారు. తల దువ్వడం, స్నానం చేయించడం, జబ్బు చేస్తే కనిపెట్టుకొని ఉండటం ఆమె బాధ్యత. ఆ విధంగా తల్లి లేని పిల్లకు తల్లి, చెల్లి లేని పిల్లకు చెల్లి దొరికారు. చదువుతో పాటు నేత, కుట్టుపని, నూనె తీయడం, పాడి, వ్యవసాయం, అచ్చుపని నేర్పించారు. పతితులని సమాజం తోసిపుచ్చిన స్త్రీలకు కృపా సదన్ వేరుగా ఏర్పడింది. అంధబాలికలకు మనోరమ పర్యవేక్షణలో బ్రెయిల్ లిపి, బుట్టల అల్లిక నేర్పారు. ఇక్కడ కులభేదం లేదు. మొదట్లో ఉన్నత కులాల వితంతువుల కోసం మొదలైన సేవ, కరవు తరువాత అన్ని కులాల పేదపిల్లల సేవగా మారిపోయింది. ఆకలికి కులం లేదన్న పాఠాన్ని ఆమె పుస్తకాలలో చదువలేదు.

ఈ భారం ఒక్కరి చేతుల మీదుగా సాగేది కాదు. అమెరికా నుండి వచ్చిన మిన్నీ ఏబ్రమ్స్ 1898 నుండి కొన్నేళ్ళు ఆమెకు కుడిభుజమై, ఆమె అమెరికా వెళ్ళిన సమయంలో ఆశ్రమాన్ని కాచారు. పూనాకు చెందిన సుందరబాయి పవార్ అండగా నిలిచారు. వీరి పేర్లు గ్రంథాలలో ఉన్నాయి. పేరు లేని వారు ఇంకెందరో: శారదా సదన్‌లో చదివి జీవితమంతా అక్కడే ఉపాధ్యాయినులుగా, దాదులుగా, వంటశాల పెద్దలుగా గడిపిన వితంతువులు. వ్యాధి సోకిన కరవుపిల్లల పక్కన రాత్రులు మేలుకొని కూర్చున్నది వారే. నెల తిరిగితే పైకం వస్తుందన్న భరోసా లేదు. విరాళం వచ్చిననాడు బస్తాలు దిగేవి. రానినాడు ప్రార్థన చేసి, ఉన్నదానితో సర్దుకునేవారు.

1912-13 ప్రాంతంలో గుల్బర్గాలో కూడా బాలికల కోసం ఒక పాఠశాల వెలిసింది. అప్పట్లో నిజాం రాజ్యంలో చదువుకు బాగా వెనుకబడిన సీమ అది. మనోరమ దాని బాధ్యత స్వీకరించారు. తల్లి పాడెను మోసుకు వెళ్ళిన రాయచూరు ఆ రైలుదారి మీదనే, దాపునే ఉంది. ఆ సీమనే ఎంచుకోవడంలో పాత జ్ఞాపకానికి పాత్ర ఉన్నదేమో, ఎవరికి వారు ఊహించుకోవలసిందే.

రమాబాయి చివరి పద్దెనిమిదేళ్ళు మరొక మహాకార్యానికి అంకితమయ్యాయి. అప్పటికి ఉన్న మరాఠీ బైబిలు భాష పల్లెటూరి స్త్రీలకు అందడం లేదని గ్రహించి, నడివయసులో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకొని, మూలం నుండి సరళమైన మరాఠీలోకి ఆమె ఒంటరిగా అనువదించారు. పదహారేళ్ళకే సంస్కృతంలో ఉద్దండురాలైన వ్యక్తి, కూలిజనపు ఆడవారికి తెలియని మాట వాడకూడదని పట్టుబట్టడం గమనించదగినది. అక్షరాలు కూర్చడం, అచ్చు వేయడం, పుటలు కుట్టడం అంతా ఆశ్రమ స్త్రీల పనే. 1919లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకమిచ్చింది. ఆమె దానికి పెద్ద ప్రాముఖ్యం ఇచ్చిన దాఖలాలు లేవు.

తన తరువాత ముక్తిని మనోరమ నడుపుతుందని ఆమె ఆశ. 1921 జూలై 24న నలభై ఏళ్ళ మనోరమ తల్లి కంటె ముందుగా మరణించింది. తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త, ఇప్పుడు ఏకైక సంతానం. చెవులు దాదాపు వినిపించని ఆ ముదుసలి తల్లి మరల అచ్చుప్రతుల ముందు కూర్చున్నారు. 1922 ఏప్రిల్ 5న, అరవై నాలుగో ఏట, ఆమె నిద్రలోనే కన్నుమూశారు. చివరి పుటలు దిద్దడానికి ఇంకొన్నాళ్ళు ఆయుష్షు కోరుకున్నారని, ఆ పని ముగిసిన తరువాతనే వెళ్ళిపోయారని ముక్తివారు చెప్పుకుంటారు.

మహారాష్ట్ర సంస్కర్తల చరిత్రలలో ఆమె పేరు చాలాకాలం అంచులకే పరిమితమైంది. మతం మారిన స్త్రీని ఎక్కడ నిలబెట్టాలో చరిత్రకారులకు తోచలేదు కాబోలు. 1989లో భారత తపాలాశాఖ ఆమె చిత్రంతో బిళ్ళ విడుదల చేసింది. ముక్తి ఆశ్రయం నేటికీ కేడ్‌గావ్‌లో నడుస్తున్నది. ఆమె అనువదించిన గ్రంథం సంపూర్ణంగా 1924లో, ఆ ఆవరణలోని అచ్చుకూటం నుండే, అక్కడి స్త్రీల చేతుల మీదుగా వెలువడింది.